మేడ మీద నిఖా

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను ప్రొద్దుటూరుకు వేశారు. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కులకు శిక్షణ ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ పోస్టు. జమ్మలమడుగు, పులివెందుల కూడా నా కిందే. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ పైకి పోయి ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. అందుకే రిపేరుకు ముందు దాన్ని రికవరీ మిషన్‌తో ఖాళీ సిలిండర్‌లోకి లాగాలి. శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. నేను నేర్పేది ఇదే. క్లాసులో అందరూ తలలూపేవారు. బయటికెళ్లి నట్టు విప్పి, గ్యాస్‌ను గాలికి వదిలేసేవారు.

అలా నేర్చుకున్నవాళ్లలో మస్తాన్ ఒకడు. అతని పెళ్లికి జమ్మలమడుగు వెళ్లాను. మర్నాడు పులివెందులలో క్లాసు ఉన్నందున మిషన్ నా కారులోనే ఉంది. నేను ఫంక్షన్ హాల్లో కూర్చున్నానో లేదో, ఏసీ ఆగిపోయింది. మండు వేసవి. విసనకర్రలు లేక జనం శుభలేఖలతో విసురుకుంటున్నారు. మస్తాన్ షేర్వానీతోనే మేడెక్కాడు. వెనకే నేనూ వెళ్లాను. పైపు అతుకు దగ్గర లీకు. వెల్డింగ్ చేయాలంటే ముందు మిగిలిన గ్యాస్ తీసెయ్యాలి.

"గాలికి ఇడ్సెయ్‌ప్పా, నిమిషంలో అయిపోతాది," అన్నాడు హాలు మేనేజరు.

"సారు ఈడే ఉండాడు. గ్యాస్ ఇడ్చిపెడితే నన్ను ఇడ్చిపెడతాడా?" అని మస్తాన్ నవ్వి, మిషన్ తెప్పించాడు.

అది తిరుగుతుండగా, నిఖా జరిపించే ఖాజీగారు కింద హాల్లోకి వచ్చారు. నేను చూసుకుంటాను, దిగమని మస్తాన్‌తో అన్నాను. విందుకొచ్చిన మనిషికి పని చెప్పనని మొండికేశాడు. ఇంతలో పెళ్లికూతురి అన్న ఎక్కి వచ్చాడు.

"మా చెల్లెలు అడగమనింది బావా. నిఖా మిషన్‌తోనా, తనతోనా అని."

మస్తాన్ చేతులు జోడించాడు. "శానా సేపు పట్టదని చెప్పప్పా. కింద ముసలోళ్లు ఉక్కకు అల్లాడతాండారు. నేను దిగొస్తే పని నిలిచిపోతాది."

ఆ మాట విని పెళ్లికూతురు పగలబడి నవ్విందట. ఖాజీగారికి అక్కడికక్కడే తన సమ్మతి చెప్పి, మేడ మీదికి పొమ్మందట! ఆయన గొడుగు కింద ఆయాసపడుతూ ఎక్కారు. వెనక సాక్షులు, వాళ్ల వెనక ఫొటోగ్రాఫర్, ఆ వెనక సగం హాలు. మస్తాన్ మిషన్ మీద ప్రెజర్ చూపే గేజీ మీంచి చూపు తిప్పకుండానే రెండుసార్లు "ఖబూల్" అని ఒప్పుకున్నాడు. మూడోసారి, "ఖబూల్... సార్, ముల్లు సున్నా దాటి కిందికి పోయింది!" అని కేక పెట్టాడు. గ్యాసంతా సిలిండర్‌లోకి వచ్చేసిందన్నమాట. మేడంతా ఈలలు. ఖాజీగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వెల్డింగ్ అయ్యి, గ్యాస్ తిరిగి నింపాక, బిరియానీ వడ్డించే వేళకు చల్లగాలి వచ్చింది.

పెళ్లికి వచ్చిన మెకానిక్కులు ఆ వారమే మిషన్ వాడకం చూపించమని నా దగ్గరికి వచ్చారు. బోర్డు మీద గీసి చెప్పినదానికన్నా, తోటి మెకానిక్కు చేస్తుండగా చూసినదే వాళ్ల చేతికి ఎక్కుతుందని నాకు అర్థమైంది. రిటైరయ్యేదాకా నా క్లాసులు మేడల మీదే జరిగాయి.