గేటుకు నూనె పెట్టకు

మా బావగారు పోయారు. మా ఆయనకు అన్న. పెళ్లిళ్లకు, జాతరలకు సౌండ్ బాక్సులు కిరాయికి ఇచ్చేవారు. ఆ మధ్యాహ్నం బండిలోంచి ఒక బాక్సు దించి, ఆయాసంగా ఉందని దాని మీదే కూర్చున్నారట. నీళ్లు తెచ్చేలోపే ఒరిగిపోయారు. దవాఖానకు తీసుకుపోతే లాభం లేదన్నారు.

సొంతంగా సంగీతం చేసి నెట్‌లో పెట్టుకునేవాళ్ల పేజీ కదా ఇది, చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. పేరు తెలిసి ఉండదు. మీరు చేసిన సంగీతం కింద, ఎవరూ ఏమీ రాయని చోట, ఎప్పుడో ఒకసారి తెలుగులో ఈ ముక్కలు కనిపించి ఉంటాయి: "విన్న. మంచిగుంది. ఇంకోటి పంపు." అవి రాసింది ఆయనే.

నేను ఏడో తరగతి వరకే చదివాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు చాలా ఉంటాయి. క్షమించండి. ఫోన్‌లో రాస్తే ఇంట్లో ఎవరి కంటనైనా పడుతుందని కాగితం మీద రాసి పోస్టులో వేస్తున్నాను. పేజీ నడిపే అన్నా, తప్పులు దిద్ది మీరే ఎక్కించండి. మా ఇంట్లో నేను కాక ఈ పేజీ చూసేది బావగారు ఒక్కరే, కాబట్టి అక్కడ చదివి పట్టుకునేవాళ్లు లేరు.

నా తల్లిగారిల్లు అచ్చంపేట వైపు, అడవి అంచున. పెళ్లయి రామన్నపేట పక్కకు వచ్చాను. మా వాళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడదు, ఆయనతో మాట్లాడదు. ఆయన కూడా ఇంటికి వచ్చేటప్పుడు గేటు తీసి అక్కడే ఆగి ఒకసారి దగ్గుతారు. అరుగు మీద కూర్చున్నదాన్ని లేచి, కొంగు సవరించుకుని లోపలికి పోవాలి. మా ఇనుప గేటు తీస్తే బజారంతా వినిపిస్తుంది. ముందు గేటు, తర్వాత దగ్గు. వచ్చిన కొత్తలో ఆయన ముఖం నాకు సరిగ్గా తెలియదు, ఈ రెండు చప్పుళ్లే తెలుసు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. ఆయన గదికీ నా వంటగదికీ మధ్య ఒక్క గోడ. సాయంత్రం పనుల్లేని రోజుల్లో ఫోన్‌లో వెతికి వెతికి ఏవో పెట్టేవారు. మాటలుండవు, తాళం ఉండదు. ఒకటే స్వరం పొడుగ్గా సాగుతుంది, లేకపోతే ఏదో మిషను గురక పెడుతుంది. మొదట్లో నాకు భయమేసింది. మా అత్తమ్మకు మాత్రం చిరాకు.

"ఏందిరా గది? బోరు మోటరు కాలిపోతున్నట్టు!"

"ఎక్కడ్నో మంచు పడే దేశంల ఒక పిల్ల చేసిందమ్మా. నాతోని కలిపి నలుగురు విన్నరు."

"నలుగురే విన్నరంటె మిగిలినోళ్లకు తెలివున్నట్టు."

"గందుకే చెప్పాలె. విన్నోళ్లు విన్నమని చెప్పకపోతె ఆ పిల్ల రేపు బంద్ చేస్తది."

ఊరికే వినగలిగినవాటిని కూడా నచ్చితే కొనేవారు. ఊళ్లో ఎవరైనా నవ్వితే, "నా బాక్సులు ఊరికే అడిగితె ఇస్తనా? ఇదీ గంతే" అనేవారు. ఫోన్‌కు నోటితో చెబితే అదే అక్షరాలు రాసుకుంటుంది కదా, అలా ఒక్కొక్కరికి ఆ మూడు ముక్కలు చెప్పడం గోడ ఇవతలికి వినిపించేది. ఏ దేశం వాళ్లకైనా తెలుగులోనే.

ఒకరోజు అత్తమ్మ చిక్కుడుకాయ తుంచుతూ ఉంటే ఆయన గదిలోంచి అడిగారు. "అమ్మా, సప్పుడు ఎక్కువైతాందేమో కోడల్ని అడుగు."

"ఏమే, సప్పుడు ఎక్కువైతాందా?"

నేను వంటగదిలోంచి అన్నాను. "లేదత్తమ్మా. నిన్నటిది మల్ల పెట్టుమను. రేకుల మీద వాన పడ్డట్టు ఉంటది గది."

"నిన్నటిది పెట్టాల్నట! అయినా మీ ఇద్దరి నడుమ నేనేమన్న టెలిఫోన్ తీగనా?"

వాన పడ్డట్టు ఉండేదాన్ని ఆ సాయంత్రం రెండుసార్లు పెట్టారు.

విని విని నాకూ చేతులు ఊరుకోలేదు. రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు, బిందె నిండుతున్నప్పుడు సన్నబడే నీళ్ల గొంతు ఫోన్‌లో పట్టుకున్నాను. చప్పుళ్లను సాగదీసి ఒకదాని మీద ఒకటి వేసే యాప్ ఊరికే దొరికింది. చేసినదాన్ని, బావగారు వినేచోటనే పెట్టాను. పేరు రాసే జాగాలో ఒక చుక్క పెట్టాను. అది చాలా భయంతో చేసిన పని. అంతకు ముందే మా బజారులో ఒకామె వీడియోలు చేసిందని హోటల్ దగ్గర ఆమె భర్తను నలుగురూ ఆట పట్టించారు. మా ఆయన అది చూసి ఇంటికొచ్చి అన్నాడు: "మనింట్ల ఎవలన్న ఫోన్ల ఏమన్న పెట్టిన్రని తెలిసిందా, ఫోన్ పలగ్గొడత. మనిషిని తల్లిగారింటికి తోలుత." మా ఆయన చెడ్డవాడు కాదు. నలుగురి నోటికి భయపడతాడు.

చాలా రోజులు నా చుక్క కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఒక సాయంత్రం గోడ అవతల నా రోలు మోగింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అయిపోయాక ఆయన గొంతు వినిపించింది. "విన్న. మంచిగుంది. ఇంకోటి పంపు." అప్పుడే నా కొంగులో ఫోన్ వణికింది. అంత సంతోషం, అంత భయం నాకు ఒకేసారి ఎన్నడూ కలగలేదు. నేనెవరో ఆయనకు తెలియదు. తెలియకూడదు. కానీ ఆయన ఇంకోటి పంపమన్నారు.

పంపాను. మళ్లీ అవే ముక్కలు వచ్చాయి. ఆ తర్వాతిది గేటు. అది కిర్రుమనే చప్పుడును సాగదీసి, కింద బిందె చప్పుడు వేశాను. వెనుక ఇంకేముందో చూసుకోలేదు.

ఆయన దాన్ని పెట్టిన సాయంత్రం మా ఆయన వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. గోడ అవతల గేటు మోగింది. తర్వాత దగ్గు. బావగారే దగ్గారనుకున్నాను. కాదు. నేను గేటు చప్పుడు పట్టుకున్న రోజు ఆయన దగ్గిన దగ్గు అందులో పడిపోయింది. సాగి, బరువెక్కి, గుహలోంచి వచ్చినట్టు ఉంది. ఆయన ఆపారు. మళ్లీ పెట్టారు. సరిగ్గా అక్కడే మళ్లీ ఆపారు.

వాకిట్లోంచి మా ఆయన అడిగాడు. "అన్నా, గది మన గేటు లెక్కనే ఒర్లుతాందేందే?"

నేను పొయ్యి మంట తగ్గించి గోడ వైపు చెవి పెట్టాను. ఆయన ఒక్క మాటంటే నా ఫోన్ పోతుంది, నేనూ పోతాను.

"ఇనుప గేట్లన్ని గట్లనే ఒర్లుతయి తమ్మీ" అన్నారు బావగారు.

ఆ రోజు మూడు ముక్కలు గోడలోంచి వినిపించలేదు. వేలితో కొట్టి రాసినట్టున్నారు. ఫోన్ వణికితే కొంగు చాటున చూశాను. ఈసారి ఇంకో ముక్క ఎక్కువుంది. "విన్న. మంచిగుంది. ఇంకోటి పంపు. గేటుకు నూనె పెట్టకు."

ఆయన నాతో నేరుగా అన్న మాట అదొక్కటే.

మర్నాడు గేటు మోగింది. నేను లేచి దగ్గు కోసం చూశాను. రాలేదు. తొంగి చూస్తే, ఆయన బజారు వైపు తిరిగి గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను లోపలికి పోయేదాకా అలాగే ఉన్నారు. ఆ తర్వాత రోజూ అంతే. నేను ఎప్పుడు ఏ చప్పుడు పట్టుకుంటున్నానో అని, తన చప్పుడు అడ్డం రాకుండా చూసుకున్నారు.

అత్తమ్మ ఊరుకోలేదు. "ఏందిరా, గేటుకాడ మొద్దు లెక్క నిలవడ్డవ్? దగ్గుడు మర్సినవా?"

"దగ్గు తక్కువైందమ్మా. మందు పనిచేసింది."

నేను లోపల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఆయన దినాల నాడు ఇంటినిండా చుట్టాలు. గేటు ఒకటే మోత. మోగినప్పుడల్లా అత్తమ్మ తలెత్తి అటు చూస్తోంది. మా ఆయన అది చూడలేక నూనె సీసా పట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. "సప్పుడైతే సాలు, అన్న వచ్చిండనుకుంటాంది అమ్మ. నూనె పెడత."

అంతమందిలో నా నోటి నుంచి మాట ఎలా వచ్చిందో తెలియదు. "నూనె పెట్టకు. బావ వద్దన్నడు."

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన సీసా మూత తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నీకెప్పుడు చెప్పిండు? అన్న నీతోని ఒక్కనాడు మాట్లాడలె గద."

చెప్పడానికి ఒక అబద్ధం వెతుక్కుంటున్నాను.

"నాతోని చెప్పిండు" అంది అత్తమ్మ, అరుగు మీద నుంచి లేవకుండానే. "నాతోని చెప్తె నేను ఆమెకు చెప్పిన. గా సీసా లోపల పెట్టు బిడ్డా. గేటు మొత్తుకుంటె మొత్తుకోనియ్."

బావగారు అత్తమ్మతో నిజంగా అన్నారో లేదో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆమె కూడా నన్నేమీ అడగలేదు. ఆమె మాట నిలవాలి కాబట్టి, అన్నా, ఎక్కించడం అయిపోయాక ఈ కాగితాలు పొయ్యిలో వేయండి. నా రాత మా ఆయన గుర్తుపడతాడు. చదివినవాళ్లు మాత్రం నా మీద జాలిపడి ఏమీ రాయకండి. ఈ రోజు కొత్తవాళ్లు ఎవరైనా చేసినది ఒకటి వెతికి వినండి. విన్నామని వాళ్లకు చెప్పండి.

ఇప్పుడూ రోజూ గేటు మోగుతుంది. అరుగు మీద అత్తమ్మ చాట ఆపుతుంది. లోపల నేను గరిటె ఆపుతాను. ఒక దగ్గు పట్టేంత సేపు ఇద్దరం అలాగే ఉంటాం.