వేలికి సురుకు తగిలిన పొద్దు

బేతంచెర్ల నాపరాళ్ల షెడ్డులో దాసన్న మధ్యవేలికి ఉన్నంత పేరు ఇంకే వేలికీ లేదు. అది మడిచి బండ మీద కొడితే ఠంగుమందా, మంచిరాయి. డబ్బుమందా, లోపల నెర్ర. ఇరవై ఏళ్లుగా లారీ ఎక్కే ప్రతి బండా ఆ వేలి దెబ్బ తిన్నదే.

సోమవారం పొద్దున బండ అంచు ఆ వేలినే కోసింది. షెడ్డు వైద్యం ఒకటే: గాయంలో ఇంత రాతిపొడి అద్ది, పురికొసతో బిగించడం. రక్తం ఆగింది, దాసన్న పని ఆగలేదు. మధ్యాహ్నానికి వేలు నీలం తిరిగి, ఎవరిదో తెచ్చి అతికించినట్టు మొద్దుబారింది.

ఆసుపత్రిలో ఫర్హానా డాక్టరమ్మ తాడు కోసి తల పట్టుకుంది.

"ఏందప్పా ఇది, గొడ్డును కట్టేసినట్టు కట్టినావు? వేల్లో కణాలుంటాయి. వాటికి రక్తమే అన్నం. అందకపోతే ఉబ్బిపోతాయి. వాటి పైపొర పగలకముందే అన్నం అందిందా, తేరుకుంటాయి. పగిలితే ఇంక లేవవు."

"నెర్ర ఉండాదేమో కొట్టి చూద్దునా మేడం?"

"నువ్వేం కొట్టొద్దు! గురువారం రా, సూదితో చూస్తా. సురుకు తెలిస్తే సరి. లేకుంటే కొస తీసేయాల్సి రావచ్చు."

బుధవారం కూటంలో పాస్టరు ఆ వేలి కోసం విడిగా ప్రార్థన చేశాడు. ఇంట్లో భార్య రాహేలమ్మ ముద్దలు కలిపి తినిపించింది. కట్టులోంచి తొంగిచూసే వేలికొస మాత్రం ఉలకలేదు, పలకలేదు.

గురువారం పొద్దున ఆమె పొగలు కక్కే సంగటి పెట్టి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి అందుకోడానికి అటు తిరిగింది. ఆకలికి కట్టు గుర్తుంటుందా? చెయ్యి దానంతటదే ముద్దలో దిగింది.

"కాలెనే! రాహేలూ, కాల్తాండాదే!"

"చన్నీళ్లలో పెట్టు సామీ!"

"పెట్టను పో! ఇంకాసేపు కాలనీ!"

వేలు పైకెత్తి వాకిట్లో గిరగిరా తిరిగాడు. ఎదురింటి ఉరుకుందు నోట్లో వేపపుల్ల అట్లే నిలిచింది.

"ఏమప్పా దాసన్నా, కాలితే కూడా పండగేనా?"

"మాకు పండగే మామా!"

రాహేలమ్మ రెక్క పట్టి లాక్కుపోయి చెయ్యి కడవలో ముంచింది. తిడుతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

రాహేలమ్మను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోతే, డాక్టరమ్మ పొక్కు చూసి మండిపడింది. "బతికిన కణాలను మళ్లా ఉడకబెట్టినావా?" తర్వాత ఆమెకూ నవ్వాగలేదు. "సచ్చినదానికి ఇట్లా పొక్కు రాదులే." సూది ఆనించగానే దాసన్న ఎగిరిపడ్డాడు.

"నొప్పి ఉండాదా?"

"శానా ఉండాది మేడం!" అన్నాడు, ఇంట్లో బిడ్డ పుట్టిందన్నంత సంబరంగా.

పోతూ పోతూ గడప దగ్గర నాపబండ చూసి వంగి వేలు మడిచాడు. ఆడవాళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.