ఒకటో నంబరు ఇల్లు

కిరిబాటిలోని ఆ చివరి దీవిలో ఇరవై రెండేళ్లుగా పుట్టిన ప్రతి బిడ్డ పేరూ రాసింది గుమాస్తా రూటాయే. ఆమె దస్త్రాన్ని ఒకసారి చెదలు తిన్నాయి, రెండుసార్లు సముద్రం తడిపింది. మూడుసార్లూ జ్ఞాపకం మీదే తిరిగి రాసింది. అందుకే రాజధాని తరావా నుంచి ట్యాబ్లెట్ వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమే.

అయితే అది ఇంటి నంబరు అడిగింది. ఆ దీవిలో ఇళ్లకు నంబర్లెక్కడివి? గడి నింపందే ముందుకు కదలదు. రూటా ప్రతిసారీ ఒకటో అంకె నొక్కేసింది.

ఎనిమిది నెలలు బాగానే సాగింది. మరేవే అనే ఆమె కొడుకు పేరు ఎక్కిస్తుంటే ట్యాబ్లెట్‌కు తాళం పడింది. పెదవి చీలికతో పుట్టిన ఆ ఐదు నెలల పసివాడికి ఆపరేషన్ చేయడానికి తరావాకు డాక్టర్లు వస్తున్నారు. పడవ రేపు పొద్దున్నే. జనన పత్రం లేకపోతే జాబితాలో పేరు ఎక్కించరు. మరేవే చెంచాతో పాలు పడుతూ, ప్రతి గుటకా లోపలికి దిగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

రూటా తరావాకు ఫోన్ చేసింది. రెయ్‌మన్ అనే కొత్త ఉద్యోగి పలికాడు.

"రూటాగారూ, ఒక్క ఇంట్లో ఎనిమిది నెలల్లో నలభై ఒక్కమంది పిల్లలా! ఏం తింటున్నారమ్మా అక్కడ?"

"చేపలే నాయనా. నవ్వింది చాలు గానీ, తాళం తియ్యి."

"మోసమనుకుని ఇక్కడి కంప్యూటరే ఆపేసింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో నంబరు పెట్టి పంపండి, సాయంత్రంలోగా తీయిస్తా."

ఇళ్లు తుఫానుకో పెళ్లికో చోటు మారుతుంటాయి. మారనిది మనేబాలో కూర్చునే చోటు. ఊరి సభ జరిగే ఆ పెద్ద పాకలో ఏ కుటుంబం ఎక్కడ కూర్చోవాలో తాతల నాడే తేలిపోయింది. ఆ చోట్లకే నంబర్లు వేద్దామని రూటా పెద్దలను పిలిపించింది.

"మంచి ఆలోచనే. ఒకటి మాది," అన్నాడు బౌరో తాత.

"మీవాళ్లు పడవ దిగేసరికే మావాళ్లు ఇక్కడ నిద్రలేచి ముఖాలు కడుక్కున్నారు," అన్నాడు ఇయోతెబా తాత.

"కడుక్కుంటే ఆ ముఖం అలా ఎందుకుంటుందిరా?"

మధ్యాహ్నమైంది. కల్లు పాకం కలిపిన నీళ్లు రెండు విడతలు తాగారు. పెద్దలను తొందరపెట్టడం అక్కడ ఎవరికీ చెల్లదు. పాక అంచున మరేవే బిడ్డను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటోంది. రూటా చూపు ఓ ఖాళీ చాప మీద పడింది. అది అతిథుల కోసం ఎప్పుడూ వదిలిపెట్టే చోటు.

"తాతా, అతిథి కంటే ముందు మీరు తింటారా?"

"ఛ, అదేం మాట!" అన్నారిద్దరూ ఒకేసారి.

"అయితే ఒకటి అతిథిదే. అక్కణ్నుంచి వరసగా చుట్టూ లెక్కపెడతా."

ఇద్దరూ ఆ ఖాళీ చాపకు ఇటూ అటూ చూశారు.

"అతిథికి ఈ పక్కన ఉండేది మేమేగా," అన్నాడు బౌరో తాత.

"ఆ పక్కన మేము," అన్నాడు ఇయోతెబా తాత.

నలభై ఒక్కమంది పిల్లలు ఎవరెవరి చోటివాళ్లో రూటా దస్త్రం తెరవకుండానే సరిచేసి పంపింది. చీకటి పడకముందే పసివాడి పత్రం వచ్చింది. ఇంటి నంబరు పంతొమ్మిది. మరేవే దాన్ని నాలుగుసార్లు చదివి, బిడ్డ పొత్తిగుడ్డల మధ్య దాచబోతే రూటా లాక్కుని ప్లాస్టిక్ సంచిలో పెట్టిచ్చింది.

మర్నాడు పడవ కనుమరుగవుతుండగా రెయ్‌మన్ ఫోన్ చేశాడు.

"అన్నీ బాగున్నాయి గానీ, ఒకటో నంబరు ఇంట్లో ఎవరూ లేరేంటి?"

"అది నీ ఇల్లే నాయనా. చాప పరిచే ఉంది, ఎప్పుడైనా రా. ముందు రేవుకెళ్లి మా పంతొమ్మిదో నంబరువాణ్ని దించుకో."