ఉప్పుగాలి తినేసిన చోటు

బరంపురం షాపులో కంప్యూటర్ కొంటుంటే, వేడెక్కిన ఫ్యాను వాసనకి సముద్రం ఒడ్డున చమఖండిలో మా ఇల్లు గుర్తొచ్చింది.

అన్న గేమింగ్ కంప్యూటర్ ఆట మధ్యలో ఆగిపోయేది. డిస్కులో చోటు రోజురోజుకీ తగ్గిపోయేది. "ఉప్పుగాలి లంగర్నే తినీస్తాది, దీన్ని ఒగ్గుతాదేటి?" అంటూ అమ్మ దానికి తన పాత చీర కప్పేది. నేనూ నమ్మి కిటికీ మూసేదాన్ని.

చివరికి అన్న కనిపెట్టాడు. మా ఆటలన్నీ, గదిలో మాటలతో సహా, వాటంతటవే రికార్డవుతున్నాయి. డిస్కు నిండింది వాటితోనే. ఒకటి పెడితే, తుపాకుల మోత మధ్య అమ్మ గొంతు: "కూడు సల్లారిపోతంది, రండ్రా!" అందరికంటే అమ్మే ఎక్కువ నవ్వింది. అన్న అన్నీ చెరిపేశాడు.

అమ్మ పోయాక తెలిసింది, ఆ గొంతు ఇంకెక్కడా లేదని.

"డిస్కు ఎంత ఉండాలి మేడం?" షాపతను అడుగుతున్నాడు. ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది చూపించమన్నాను.