వానరాణి ఆఖరి ఆట

మా అత్త పోయిన సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. అందరికంటే తక్కువ బాధ కూడా నాకేనని మా ఇంట్లో నమ్మకం. కాజీపల్లిలో అత్త పక్క గదిలో ఉండే ఆవిడ తెల్లవారగానే ఫోన్ చేసి, "మీ అత్త ఎంత పిలిచినా లేస్తలేదమ్మా, జెర జల్దీ రా" అంది. మిగతాది ఆ గొంతులోనే వినిపించింది. పటాన్‌చెరులో ఆటో ఎక్కాను. దారిలోనే ఊళ్లో ఉన్న బాపుకు చెప్పాను, డాక్టరును పిలిపించాను, అత్త ఆధార్ కార్డు ఏ డబ్బాలో ఉందో గుర్తు చేసుకున్నాను. పనులన్నీ సక్రమంగా చేశాను కాబట్టి నాకేమీ కాలేదని తేల్చారు. "దానికి గుండె లేదు, మిషనుంది" అని అమ్మ వచ్చినవాళ్లకు చెబుతుంటే, ఆ వచ్చినవాళ్లకు చాయ్ పోస్తున్నది నేనే.

ఇప్పుడు దానికి ఇంకొకటి తోడైంది. నెల మాసికం నాడు కొండాపూర్ మండలంలోని మా ఊళ్లో, మా ఇంటి ముందర, వానరాణి బాగోతం ఆడించాలని బాపు అనుకున్నాడు. అత్తకు ప్రాణమైన ఆట అది. ఆ ఆట ఆడే బృందం పెద్దాయన ఫోన్ నంబరు మా ఇంట్లో నా ఒక్కదాని దగ్గరే ఉంది. అడిగితే ఆయన వస్తాడు. నేను ఇంకా అడగలేదు. "ఒక్క ఫోన్ చెయ్యనీకి గూడ బద్దకమేనా నీకు?" అంటుంది అమ్మ. బద్ధకం కాదు. అదేమిటో చెప్పాలంటే అత్త గురించి చెప్పాలి. చెప్పే ఓపిక కూడా ఈ మధ్య ఉండటం లేదు, అయినా చెబుతాను.

అత్త అంటే బాపుకు అక్క. మామ చిన్న వయసులోనే పోతే, పుట్టింటికి రాకుండా కాజీపల్లికి వెళ్లి ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో చేరింది. డిగ్రీ చదివిన రోజుల్లో నేను ఆమె కిరాయి గదిలోనే ఉన్నాను. డ్యూటీ నుంచి రాగానే చేతులు నిమ్మకాయ చెక్కతో రుద్ది కడుక్కునేది. ఎంత రుద్దినా చేదు మందు వాసన పోయేది కాదు. జొన్నరొట్టె ముక్క తుంచి నా నోట్లో పెడుతూ, "చేదు అయితే చెప్పు, బెల్లం పెడ్త" అనేది. కోపమొస్తే మాట్లాడేది కాదు, సన్నగా రాగం తీసేది. ఆ రాగం వినిపిస్తే గిన్నెలు నేనే కడిగేసేదాన్ని.

ఇంట్లో నాకు కుదురు లేదంటారు. చేరిన ఉద్యోగంలో నిలబడనని, కూర్చున్న చోట కూర్చోనని. ఒకసారి అమ్మ అత్త ముందే ఆ మాట అంది. అత్త రొట్టె కొడుతూ తలెత్తకుండానే, "దానికి కుదురు లేక కాదు, జాగ లేక" అంది. నా గురించి ఎవరైనా సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే. అత్త గది చాలా చిన్నది. అక్కడ మాత్రం నాకు చోటు చాలేది.

వానరాణి బాగోతం నెలకొక ఆదివారం, పొద్దు గూకే వేళ మొదలయ్యేది. లారీలను తూచే పాత కాంటా ఒకటి మూతపడి ఉండేది కాజీపల్లిలో మా వీధి చివర. ఆ కాంటా ఇనుప పలకే వేదిక. గజ్జెకాలు దాని మీద పడితే అడుగడుక్కీ కింద డొల్లలోంచి ఇంకో గజ్జెకాలు జవాబు చెప్పినట్టుండేది. కథ సులువు. పెండ్లి పందిరి తడిపిందని కోపమొచ్చి ఒక రాణి వానను ఊరి నుంచి వెళ్లగొడుతుంది. తర్వాత దాన్ని బతిమాలి తెచ్చుకోవడానికి పడే పాట్లే మిగతా ఆటంతా. రాణి వేషం కట్టేది బృందం పెద్దాయనే. పగలు ఆయన కూడా ఒక కంపెనీలో రసాయనాల డ్రమ్ములు దొర్లించేవాడు.

మధ్యలో కంపెనీ సైరన్ మోగేది. అప్పుడు రాణి ఏడుపు ఆపి, అదే రాగంలో, "సెకండ్ షిఫ్టోళ్లు లేవుండ్రి, దిగినోళ్లు కూసోండ్రి" అని పాడేది. పోయేవాళ్లు చెప్పులు వెతుక్కునేవాళ్లు. వచ్చినవాళ్లు టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని సర్దుకునేవాళ్లు. రాణి మళ్లీ ఏడుపు అందుకునేది.

ఒకసారి బాయిలర్ దగ్గర పనిచేసే బిహార్ తమ్ముడు ఒకతను తన గదిలోవాళ్లందరినీ వెంటేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆట అయిపోయింది, హారతి కూడా అయింది, అతను లేవడు. "వానర్ కబ్ ఆయేగా?" అని అడిగాడు, కోతి ఎప్పుడొస్తుందని. వానరాణి అన్న పేరు విని, హనుమంతుడి కథ అనుకున్నాడు. అందరూ ఒకటే నవ్వు. బృందం పెద్ద కిరీటం తీస్తూ, "వానర్ కాదు భయ్యా, వాన, వాన. బారిష్" అన్నాడు. అతని మొహం చూసి నవ్వనిది అత్త ఒక్కతే.

"ఇంతమంది ఆశపడి వచ్చిన్రు. ఒక్క కోతిని పెడితే నీ రాణి కిరీటం పడిపోతదా?" అంది.

"కథల కోతి లేదక్కా."

"కథ నీదే గద. రాణి కబురు వానకు ఎవడో ఒకడు తీస్కపోవాలె. కోతి తీస్కపోతది."

మరుసటి నెల కోతి వచ్చింది. వేషం కట్టింది ఆ బిహార్ తమ్ముడే. తెలుగు రాదు కాబట్టి కోతికి మాటల్లేవు, ఎగరడమే. ఆ కోతి కోసం గుమ్మడిదల నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు.

అత్త ఎప్పుడూ పక్కగా, పలక అంచుకు ఆనుకుని కూర్చునేది. రాణి మొహం వైపు చూసేదే కాదు, కాళ్ల వైపే చూసేది. ఎందుకత్తా అంటే, "మొఖానికి రంగేసిండు, కాళ్లకు ఎయ్యలే గద" అనేది. ప్రతి మాటా రాణి కంటే ఒక్క క్షణం ముందు ఆమె పెదవుల మీద ఉండేది. రాణి వానను బతిమాలే పాట ముగిసీ ముగియకముందే లేచి నిలబడి, "వన్సుమోరు!" అని అరిచేది. అరుపు అంటే అరుపే. ప్యాకింగ్ ఆడవాళ్లందరూ ఆమె వెనక అందుకునేవాళ్లు. ఆయన చేతులు జోడించి మళ్లీ మొదటి నుంచి పాడేవాడు. ఇంకా చాలదని అత్త మళ్లీ అరిచేది. "అక్కా, పొద్దుగాల డ్యూటీ ఉంది నాకు" అని రాణి మొత్తుకునేది. "నాకు లేదా? పాడు" అనేది అత్త.

తర్వాత ఆ పాట దగ్గర ఆయన అడుగు బరువెక్కడం మొదలైంది. వన్సుమోరుకు ముందు ఆగి దగ్గేవాడు. డాక్టరు ఊపిరితిత్తులన్నాడు, పాటలు మానేయమన్నాడు. రాణి వేషం కట్టగల ఇంకొకరు లేరు. ఆట ఆపేస్తున్నారని కబురు కంపెనీ గేట్ల దగ్గర చాయ్ బండ్ల మీదుగా పాకింది.

ఆఖరి ఆదివారం నేను అత్త పక్కనే ఉన్నాను. కాంటా చుట్టూ అంత జనాన్ని ఎప్పుడూ చూడలేదు. ప్యాకింగ్‌లో సూపర్‌వైజర్ సెలవివ్వనంటే, ఆడవాళ్లందరూ ఒకేసారి కడుపునొప్పి అని చెప్పి వచ్చారు. "క్యాంటీన్ పప్పు మీద పెట్టినమమ్మా, పాపం వంటాయన ఏడుస్తున్నడు" అని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటున్నారు. కంపెనీ మారి సంగారెడ్డి అవతలికి వెళ్లిపోయినవాళ్లు కూడా బండ్ల మీద వచ్చారు. నవ్వులన్నీ మొదటి పాట దాకానే. ప్రతి మాట దగ్గరా జనమంతా ఇది ఇంక వినబోము అన్నట్టు వింటున్నారు. అలా వినడం చాలా అలసట. ఆట మధ్యకు వచ్చేసరికి నాకు మెడలు పట్టేశాయి.

"ఇంటికి రావే వానా, ఇంక కోపమెందుకే" అన్న చోట ఆయన గొంతు ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, రాగం లేదు. అత్త కూర్చున్న చోటి నుంచే పాట అందుకుంది. తర్వాత ఆడవాళ్లు, తర్వాత లారీ డ్రైవర్లు, తెలుగు రానివాళ్లు కూడా. వాన అన్న చోట వానర్ అనే పాడేవాళ్లు కొందరు అప్పటికీ ఉన్నారు. పాట మేం పాడాం, ఆయన అడుగులు వేశాడు.

పాట అయిపోగానే వెనక నుంచి ఒక కుర్రాడు, "వన్స్‌మోర్!" అన్నాడు. జనం అత్త వైపు చూశారు, ఆమె లేస్తుందని. ఆమె లేచింది కూడా. లేచి వెనక్కి తిరిగి, "నోరు మూస్కో. ఆయన ఊపిరి ఫుక్కట్‌ల వచ్చిందా నీకు?" అంది.

ఆ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక ఆటను ఇంక ఆడబోమని అనుకున్నప్పుడు, ముఖ్య వేషానికి కట్టిన గజ్జెలను తెర చాటున విప్పరు. జనం ముందు విప్పుతారు. అది కూడా ఆడేవాళ్లు కాదు, చూసేవాళ్లలో ఒకరు. ఆడేవాళ్లకు ఎంతైనా ఇంకోసారి ఆడాలనే ఉంటుంది కాబట్టి ఆ పని వాళ్ల చేతికి ఇవ్వరు. విప్పాక ఆ ఆటకు మళ్లీ గజ్జె కట్టరు. ఆయన పలక అంచున కూలబడి కాలు చాపాడు.

"అక్కా, నువ్వే విప్పాలె."

"నేనెందుకయ్యా? నా చేతులన్నీ మందు వాసన."

"నా కాళ్లన్నీ చెమట వాసన. సరిపాయె."

జనం నవ్వారు. అత్త కింద కూర్చుని ఆయన కాలు ఒళ్లో పెట్టుకుంది. ముడి చెమటకు బిగుసుకుపోయింది. వేళ్లతో రాలేదు. వంగి పంటితో పట్టి లాగింది. ముడి వదిలాక గజ్జెలను కళ్లకద్దుకుని ఆయన చేతుల్లో పెట్టి, "అయిపోయింది" అని అందరికీ వినబడేలా చెప్పింది. కోతి వేషంలో ఉన్న బిహార్ తమ్ముడు తోక చివరతో కళ్లు తుడుచుకున్నాడు.

అది ఎవరో వీడియో తీశారు. తిరిగి తిరిగి మా ఊరికి చేరింది. బాపు ఫోన్ చేసి నా మీద అరిచాడు. "మొగోని కాళ్ల కాడ కూసొని ఏంది ఆ పని? పక్కన నువ్వుండి ఏం జేస్తున్నవ్?" అని. అత్తకు చెబితే, "వాడు ఒక్కనాడన్న వచ్చి చూసిండా?" అని ఊరుకుంది. ఆ తర్వాత ఆమె ఆదివారాలు బట్టలు ఉతుక్కునేది. బృందం పెద్ద అప్పుడప్పుడు వచ్చి గడప దగ్గర కూర్చుని చాయ్ తాగి వెళ్లేవాడు. ఆట మాట ఆయన ఎత్తబోతే, "ఇంకింత చక్కెర ఎయ్యాల్నా?" అనేది.

అత్త పోయిన రోజు ఆయన వచ్చాడు. రోడ్డు మీద నుంచి గది దాకా నడిచేసరికే ఆయాసం. మాట రావడానికి చాలాసేపు పట్టింది. "మీ ఇంటోళ్లు ఆట అడుగుతరు బిడ్డా. అడిగితే నేను కాదన, అక్క ఇంటోళ్లు గద" అన్నాడు. నా మొహంలోకే చూస్తున్నాడు. ఆ మాట నాకు ఒప్పుకోలులా వినిపించలేదు. అడగనివ్వకు అన్నట్టే వినిపించింది.

బాపు ఇప్పుడు అదే వీడియో రోజూ చూస్తున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లకు, "మా అక్క" అని చూపిస్తున్నాడు. నిన్న ఊళ్లో అరుగు మీద నా పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడాడు.

"ఒక్కసారి గూడ పోలే బిడ్డా. కాజీపల్లి ఎంత దూరమని? ఒక్కసారి ఆడిస్తే, అక్క ఏం చూసిందో నేను గూడ చూస్త."

"ఆయనకు ఊపిరి ఆడదు బాపూ."

"కుర్చీల కూసొని పాడుతడు. ఒక్క పాట. నువ్వడిగితే వస్తడు."

"వస్తడు. అందుకే."

బాపు కళ్లు తుడుచుకున్నాడు. నాకు జాలి వేయలేదని కాదు, వేసింది. లోపలి నుంచి అమ్మ, "బండను అడుగుతున్నవ్" అంది.

ఆఖరి ఆట నాడు అత్తా నేనూ నడిచి గదికి వచ్చాం. పంటితో లాగిన గజ్జెల ఎర్రతాడు రంగు అత్త కింది పెదవికి, గడ్డానికి అంటుకుంది. తుడుచుకోమని కొంగు అందించాను. తీసుకోలేదు. ఎదురొచ్చే లారీల వెలుగు పడినప్పుడల్లా ఆ ఎరుపు కనబడి పోతోంది. "నీకు మళ్లా చూడాలని లేదా అత్తా?" అన్నాను. "చచ్చేంత ఉంది" అంది. అని నడుస్తూనే ఉంది.

నేను ఆయనకు ఫోన్ చేయను. నంబరు బాపుకు కూడా ఇవ్వను. ఈ మాట ఇవాళ పొద్దున ఇంట్లో చెప్పేశాను.