తోక లేస్తే పెరిగే పెట్రోలు

సింగపూర్ బెడోక్‌లో నేను అద్దెకున్న గది కిటికీలోంచి విమానాలు కనిపిస్తాయి. ఇంటి ఓనర్ అంకుల్‌కి చూడటం చాలలేదు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సొంతంగా ఒకటి కట్టడం మొదలుపెట్టారు. ఫ్లాట్‌లో సోఫాకే చోటు లేదు కాబట్టి, వంతెన దాటి మలేషియా వైపు జొహోర్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకున్నారు. ఆంటీ ఒకే ఒక్క షరతు పెట్టింది: దిగకూడని చోట ఒక్కసారి దిగినా అమ్మేయాలి.

శనివారాలు నేను స్పానర్లు అందించేవాణ్ణి. అడిగింది కాకుండా దాని పక్కది అందించడంలో నాకు మంచి అనుభవం ఉంది.

అవతల పెట్రోలు చవక కాబట్టి, ట్యాంకు ముప్పావు నిండకుండా సింగపూర్ కారుని వంతెన దాటనివ్వరు. అంకుల్ ఆ రూలుని పూజలా పాటించేవారు. విమానాన్ని మాత్రం ఆపి అడిగేవాడు లేడు.

విమానం పూర్తయ్యాక ఎప్పుడూ షెడ్డు చుట్టూ చక్కర్లు కొట్టి దిగే మనిషి, ఒక శనివారం సముద్రం చూసొస్తానని ఒక్కరే వెళ్లారు. తిరిగొస్తూ పామాయిల్ తోటల మీద ఉండగా ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. షెడ్డు ముందు నిలబడి చూస్తున్న నాకు, చప్పుడు లేకుండా దిగే విమానం చాలా అందంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

మోటార్‌సైకిల్ అడిగి తీసుకుని వెళ్లేసరికి, తోట మధ్య మట్టిదారిలో, రెక్క నీడన కూర్చుని ఉన్నారు. విమానం చక్రం వంకరపోయింది, ఆయన నుదురు గీసుకుపోయింది. మూత తీసి చూశాను. ట్యాంకు పొడిగా ఉంది.

"గొట్టంలో ఇంకా పావు చూపించిందిరా," అన్నారు.

ట్యాంకు సీటు వెనక ఉంటుంది. దాని ముందువైపు బిగించిన గొట్టంలో కనిపించే మట్టమే పెట్రోలు లెక్క. ఆ గొట్టం మీద గీతలు ఆయన షెడ్డులో గీశారు. నేల మీద ఆ విమానం తోక కిందికి, ముక్కు పైకి పెట్టి నిలబడుతుంది. పెట్రోలు వెనక్కి జారి, గొట్టంలో తక్కువ కనిపిస్తుంది. గాల్లో తోక లేవగానే ముందుకొచ్చి, లేనిది కూడా ఉన్నట్టు చూపిస్తుంది. నిండు ట్యాంకుతో చిన్న చక్కర్లు కొట్టినన్నాళ్లూ ఇది బయటపడలేదు.

ఇలా పెట్రోలు అయిపోయి పడిపోయిన సొంత విమానాల రిపోర్టులు ఆయన రోజూ చదివేవారు. "చూసుకోవద్దూ పాపం," అనేవారు. ఆ రోజు వాళ్లనేమీ అనలేదు.

"ఆంటీకి కార్బ్యురేటర్ పోయిందని చెప్దామా?" అన్నాను.

ఆయన కాసేపు చక్రం వైపు చూసి, ఫోన్ తీసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. ఆంటీ దెబ్బలేమైనా తగిలాయా అని మాత్రం అడిగిందట.

విమానాన్ని లారీలో షెడ్డుకి చేర్చి చక్రం బాగుచేయించాక, ఆంటీ మొదటిసారి మాతో వచ్చింది. చేతిలో వంటింటి కొలత మగ్గు, ఎర్ర నెయిల్ పాలిష్. అమ్మకానికి ఇవెందుకని అడిగాను.

"కొన్నవాడు కూడా ఈ గీతలే నమ్ముతాడు కదరా," అంది.

తోకెత్తి ప్లాస్టిక్ స్టూళ్ల మీద పెట్టించింది, గాల్లో ఉన్నట్టుగా. పాత గీతలు తుడిచేసింది. ట్యాంకు ఖాళీ చేయించి, మగ్గు మగ్గుకీ మట్టం చూసి కొత్త గీత పెట్టింది. చివరికి, అడుగు నుంచి చాలా పైన ఒక గీతని మళ్లీ మళ్లీ దిద్ది లావు చేసింది.

"ఇక్కడికొస్తే మీకు ఖాళీ అయిపోయినట్టే. దీని కింద ఉన్నది నాది," అంది అంకుల్‌తో.

అంకుల్ బేరమాడలేదు.