తువ్వాలు కొసన ముడి

నగరిలో మరమగ్గాల వీధికి పోయి మునికృష్ణ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ మునికృష్ణ అంటారు. పాము వరదయ్య కొడుకు అనాలి. అప్పుడు ముగ్గురు లేచి దారి చూపిస్తారు, నాలుగో మనిషి "ఎవురికి ముట్టింది?" అని అడుగుతాడు. ఆ పక్క పాము కరిచిందని నోటితో అనరు. పురుగు ముట్టింది అంటారు. కరిచినప్పుడు పేరు పెట్టి పిలిస్తే అది ఇంకోసారి వస్తుందని భయం.

మునికృష్ణకు నలభై ఆరేళ్లు. పద్దెనిమిదో ఏట నుంచీ మగ్గాల దగ్గరే ఉన్నాడు. షెడ్డులో పన్నెండు మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. నాలుగు మగ్గాల మధ్య తిరుగుతూ, పోగు తెగినచోట మగ్గం ఆపి, రెండు కొసలూ పట్టి ముడివేసి, మళ్లీ నడపడం అతని పని. రోజుకు ఎన్ని ముళ్లు వేస్తాడో అతనికే తెలీదు, కళ్లు మూసుకుని వేస్తాడు. ఆ ముళ్లంటే అతనికి గౌరవం. వేస్తే గుడ్డ వస్తుంది, వేయకపోతే రాదు. అందులో నమ్మడానికీ నమ్మకపోవడానికీ ఏమీ లేదు.

వాళ్ల నాయన ముళ్లు వేరే రకం. వరదయ్య పాముమంత్రం వేసేవాడు, అదీ ఫోనులో. ముప్పై ఏళ్ల కింద బజారులోని ఎస్టీడీ బూతుకు ఫోనొస్తే చెప్పులు లేకుండా పరిగెత్తేవాడు. తరవాత సెల్లు కొన్నాడు. ఫోను ఆ మనిషి చెవి దగ్గర పెట్టమని, ఏదో గొణిగి, భుజం మీది తువ్వాలు కొసన ఒక ముడి వేసి, "విసాన్ని కట్టేసినా, ఇంక బయం లేదు" అనేవాడు. ఆ మనిషి లేచి తిరిగాడని తెలిసేదాకా ముడి విప్పేవాడు కాదు. ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. అందుకే జనం మరీ నమ్మారు.

మూడేళ్ల కింద వరదయ్య ఆసుపత్రిలో పడ్డాడు. చివరి రోజు కొడుకును దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మంత్రం చెవిలో వేస్తాడు కాబోలని చుట్టాలందరూ మర్యాదగా బయటికి వెళ్లారు. ఆయన చెప్పింది వేరు.

"నాకు మంత్రమేమీ రాదురా. మొదుట్లో ఎవురో ఏడస్తా వచ్చి కాళ్లమీద పడినారు. కాదనలేక నోటికొచ్చింది గొణిగినా. వాడు బతికినాడు. ఆ పాముకు విసమే లేదేమో. ఆమాట మళ్లా ఎవురికి జెప్పేది?"

మునికృష్ణ వరండాలోకి వచ్చేసరికి అందరూ అతన్ని కొత్తగా చూశారు. ఒక ముసలామె చేతులు కూడా జోడించింది. నిజం అప్పుడే చెప్పి ఉంటే పోయేది. కానీ లోపల కన్నతండ్రి చివరి ఊపిరి పీలుస్తుంటే, బయట ఆయన పరువు తీయడానికి ఏ కొడుక్కి నోరొస్తుంది? తల వంచుకుని పక్కకు నడిచాడు.

నాయన నంబరు తీసేద్దామంటే కుదరలేదు. అమ్మ అక్కమ్మ పింఛను, గ్యాసు, బ్యాంకు, అన్నీ దానికే తగులుకుని ఉన్నాయి. ఒకచోట మార్పిస్తే ఇంకోచోట పాత నంబరుకే ఓటీపీ పోయేది. మూడుసార్లు తిరిగి విసుగెత్తి ఆ ఫోనును జేబులో వేసుకున్నాడు. ఇంతలో ఎవడో పనిలేనివాడు ఆ నంబరును యూట్యూబులో పెట్టాడు. దాంతో కువైట్ నుంచి, సింగపూరు నుంచి కూడా ఫోన్లు. పురుగు ముట్టేది ఇక్కడి చేలో, మంత్రం అడిగేది సముద్రం అవతలి నుంచి. మునికృష్ణకు ఒళ్లు మండి, "పాము కరిస్తే ఆసుపత్రికి పోండి, మంత్రాల్లేవు" అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. చూసినవాళ్లలో సగం మంది దండాల బొమ్మలు పంపారు.

మొదటి ఏడాది అందరికీ నిజమే చెప్పాడు. "నాయన పోయినాడప్పా, నాకు రాదు, ఆసుపత్రికి పోండి." తమిళనాడు సరిహద్దు అవతలి పల్లె నుంచి ఒకామె తన మొగుడి కోసం ఏడుస్తూ చేసినప్పుడు కూడా అదే చెప్పి పెట్టేశాడు. వాళ్లు ఆసుపత్రికి పోలేదు. మంత్రం తెలిసినవాడి కోసం ఇంకో రెండూళ్లు తిరిగారు, దారిలోనే ఆ మనిషి ప్రాణం పోయింది. ఆసుపత్రికి ఎందుకు పోలేదని ఎవరూ అడగలేదు. వరదయ్య కొడుకు కట్టనన్నాడంట, అందుకే పోయినాడంట అన్నారు. ఆ మాట అక్కమ్మ కొళాయి దగ్గర విని, బిందె అక్కడే వదిలి ఇంటికి వచ్చింది.

ఆ తరవాతే మునికృష్ణ ఒక ఉపాయం పన్నాడు. ఫోను రాగానే "కట్టినాను. అయితే ఆసుపత్రిలో సూది పడితేనే ఈ కట్టు నిలస్తాది, యాడా ఆగొద్దు, పరిగెత్తండి" అనేవాడు. జనం నిజంగానే పరిగెత్తారు. చాలామంది బతికారు. అబద్ధానికి చక్రాలు తగిలించి ఆసుపత్రి వైపు తోశానని లోలోపల మురిసిపోయాడు కూడా.

"మామా, నువ్వూ మీ నాయన మాదిరే అయిపోతా ఉండావు," అంది భార్య లోకేశ్వరి ఒకరోజు. అతనికి చెప్పలేనంత కోపం వచ్చింది.

పోయిన ఆషాఢంలో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయి షెడ్డులో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో జేబులో ఫోను అదురుతున్నట్టు తెలిసింది. తీసి చూస్తే అప్పటికే పంతొమ్మిది మిస్డ్ కాల్స్. మొదటిది రెండూ అయిదుకు.

"అన్నా, నా పేరు హరినాథ్. బెంగుళూరులో సాఫ్టువేరు పని. కార్వేటినగరం పక్కన మా పల్లెలో మా నాయనకు పురుగు ముట్టిందన్నా, చెరుకుతోటలో. మాయమ్మ కూడా లైన్లో ఉండాది."

"ఎప్పుడు ముట్టింది?"

"రెండుకన్నా."

"అంబులెన్సు పిలిచినారా?"

"నువ్వు ఎత్తినాక పిలుద్దామని..."

గంటసేపు మనిషిని మంచం మీద పెట్టుకుని తన ఫోను కోసం కూర్చున్నారు. మగ్గాల మోతలో తాను పోగులు ముడివేసుకుంటూ ఉన్నాడు. చేతిలో రెండు ఫోన్లున్న చదువుకున్నవాడు కూడా ముందు ఈ నంబరే నొక్కాడు.

"రెండో ఫోనులో అంబులెన్సును పిలువు, ఇప్పుడే!" అని అరిచాడు.

ఈలోగా తల్లి చంద్రకాంతమ్మ గొంతు వచ్చింది. "ముందు కట్టు నాయనా. కట్టకుండా కదిలిస్తే విసం పైకెక్కతాదంట. ముడి మాకు సూపించు నాయనా."

హరినాథ్ వీడియో కలిపాడు. తెరమీద అతని నాయన గోవిందు కనిపించాడు. అరవై ఏళ్ల మనిషి, రెప్పలు వాలిపోతుంటే బలవంతాన తెరిచి ఫోనులోకి చూస్తున్నాడు. మునికృష్ణ ఇంతవరకూ మాటతోనే కట్టాడు గానీ ముడి ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు భుజం మీది తువ్వాలు తీశాడు. అలవాటైన చేయి, నూలుకు వేసే ముడినే బిగించి వేసింది. దాన్ని చూసి గోవిందు మొహం తేటపడింది.

కాసేపటికి అంబులెన్సు బండి వచ్చింది, వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. గోవిందు లేవనంటున్నాడు. "కట్టినాడు గదా, ఇంకేంటికి," అని ముద్దముద్దగా అంటున్నాడు. చంద్రకాంతమ్మ కూడా, నిద్రొస్తా ఉండాదంట, రవ్వంతసేపు పండుకోనీ అంటోంది. అది నిద్ర కాదని, విషం ఎక్కుతోందని మునికృష్ణకు తెలుసు. చెబితే వినరు. చివరికి తువ్వాలును తెర ముందుకు పెట్టి ముడి కొసను లాగాడు.

"పోకపోతే ఇప్పేస్తా! ఇదో సూడండి, ఇప్పేస్తా ఉండాను!"

"ఇప్పొద్దు నాయనా, నీ కాళ్లు మొక్కతా!" అని ఆమె కేక పెట్టింది. నలుగురు కలిసి గోవిందును ఎత్తి బండిలో వేశారు.

తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రిలో సూదులు ఎక్కించారు, ఊపిరికి మిషను పెట్టారు. గంట ముందు తెచ్చి ఉంటే ధైర్యంగా చెప్పేవాళ్లమని డాక్టరు అన్నాడట. ఆ మాట హరినాథే చెప్పాడు. చెప్పి, "అన్నా, ముడి ఉండాది గదా?" అని అడిగాడు.

"ఉండాది."

రోజూ పొద్దునా సాయంత్రం అదే ప్రశ్న, అదే జవాబు. తువ్వాలు వంటింటి పక్క మేకుకు వేలాడుతోంది. చెమటా మగ్గం నూనే కలిసి వాసన కొడుతోంది. ఉతుకుతానని లోకేశ్వరి రెండుసార్లు తీసింది, రెండుసార్లూ వద్దన్నాడు. "వాళ్లు వీడియోలో సూపించమంటే?" అన్నాడు. వీడియో అడిగినవాళ్లు మళ్లీ ఎవరూ లేరు. పనికి పోయేముందు, వచ్చినాక, మేకు వైపు ఒకసారి చూడకుండా ఉండలేకపోతున్నాడు. తనమీద తనకే సిగ్గుగా ఉంది. అయినా చూస్తున్నాడు.

ఆరో రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోను వచ్చింది.

"నాయన పోయినాడన్నా. ఏడున్నరకు."

అవతల కాసేపు ఏడుపు. తరవాత హరినాథ్ నెమ్మదిగా అడిగాడు. "అన్నా, ముడి ఉండాది గదా?"

మునికృష్ణ మేకు వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది. పెరట్లో తీగమీద తువ్వాలు తడితడిగా పరిచి ఉంది, కొసనుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఉండాది," అని ఫోను పెట్టేశాడు.

లోకేశ్వరి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కోప్పడొద్దు మామా. ఇల్లంతా వాసనొస్తా ఉంటే ఉతికేసినా. ఏం ముడి ఏసినావోగానీ, సూదితో పొడిస్తేగానీ రాలేదు."

అతనికి కోపం రాలేదు. ఆ ముడిలో ఏమీ లేదని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. నాయన నోటితోనే విన్నాడు. గోవిందును చంపింది ఆ పంతొమ్మిది మిస్డ్ కాల్స్ అనీ తెలుసు. అంతా తెలుసు. తెలిసీ ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"లోకా, యా యాళకు ఇప్పినావు?"

"ఏం మామా? ఎవురు ఫోను?"

"ఎన్ని గంటలకు ఇప్పినావో అది చెప్పు."